జీపు నట్టు

కారు కింద పడుకున్నవాడికి మనుషుల కాళ్ళే కనిపిస్తాయి. రామకోటయ్య సెట్టి కిర్రుచెప్పులు ముందు చక్రం పక్కన నిలబడి ఉన్నాయి. వాటి వెనక లారీ డ్రైవరు గోపన్న కాళ్ళు. ఇంకా వెనక, టీ తాగడానికి వచ్చి వినోదం చూడటానికి ఆగిపోయిన నలుగురైదుగురి కాళ్ళు. వీటన్నిటికీ ఎడంగా, గడప లోపల ఎండ పడే చోట, రెండు వట్టి కాళ్ళు. అవి ఏసుమణివి. సెట్టి కారు తోలేవాడు. సెట్టి నిలబడిన చోట చెప్పులేసుకుని నిలబడే అలవాటు లేదు వాడికి. షెడ్డు గడప బయటే విడిచాడు.

"ఏమప్పా నరసన్నా, దొరికిందా రోగం?" అన్నాయి కిర్రుచెప్పులు.

"చూస్తాండా సెట్టిగారూ."

రోగం చెప్పుకోవడానికి చిన్నదే. కారులో స్పీడు చూపించే మీటరు పడుకుంది. బండి ఎంత పరిగెత్తినా ముల్లు సున్నా మీద నుంచి లేవడం లేదు, మైళ్ళ అంకెలు దొర్లడం లేదు. అయితే కర్నూలులో మీటరు రోగం చూడటమంటే నరసన్నే చూడాలి. ఊరు రాజధాని అయినప్పటినుంచి సర్కారు జీపులు కూడా ఆ రోగం వస్తే ఆయన రేకుల షెడ్డుకే వస్తున్నాయి. ఆ సంగతి నరసన్నకు తెలుసు. ఇతరులు మరిచిపోతే గుర్తు చేస్తాడు కూడా.

మొదట వెనక చక్రాలను దిమ్మెల మీదికి ఎత్తి, ఇంజను నడిపించి, గేరు వేసి చూశాడు. చక్రాలు తిరిగాయి, ముల్లు లేవలేదు. మీటరు వెనక చెయ్యి పెట్టి తీగ ఊడదీశాడు. తీగ తెగలేదు. వేళ్ళ మధ్య తిప్పితే సాఫీగా తిరిగింది. గేరుబాక్సు నుంచి మీటరు దాకా వేలెడు లావు గొట్టం ఒకటి పోతుంది, ఆ గొట్టం లోపల తీగ తిరుగుతుంది, అది తిరిగితే ముల్లు లేస్తుంది. పైకొస బాగుంటే చెడింది కిందికొసే. అందుకే కారు కింద దూరాడు.

కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిచాడు. గొట్టాన్ని గేరుబాక్సుకు పట్టి ఉంచే నట్టు వదులై గొట్టం మీద వేలాడుతోంది. గొట్టం మూతిని గేరుబాక్సుకు ఆనించి ఎవరో పురికొసతో చుట్టలు చుట్టలుగా కట్టారు. సందులో గుడ్డపీలిక కుక్కారు. నూనెకు నాని పురికొస సాగి, గొట్టం వెనక్కి జరిగిపోయింది.

ఈ ముడి నరసన్నది కాదు. నెలకిందట క్లచ్చి బాగుచేసినప్పుడు ఆ గొట్టం బిగించింది నరసన్నే. పానాతో బిగించాడుగాని పురికొసతో కాదు.

కర్నూలు డ్రైవర్లందరికీ తెలిసిన దొంగవిద్య ఒకటుంది. యజమాని ఊళ్ళో లేని రోజు ఆ నట్టు విప్పితే మీటరు నిద్రపోతుంది. మంత్రాలయానికి ఎవరినైనా సవారీ తీసుకుపోయి, తిరిగొచ్చి బిగిస్తే, కారు కొట్టంలోనే ఉన్నట్టు మీటరు సాక్ష్యం చెబుతుంది. నరసన్న అట్లాంటివి చాలా పట్టుకున్నాడు.

బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. సెట్టిని పక్కకు పిలిచి చెప్పొచ్చు. కాని అంతమంది చూస్తున్నారు. చేతులు తుడుచుకుంటూ, అందరికీ వినబడేటట్టు అన్నాడు:

"యంత్రం రోగం కాదు సెట్టిగారూ. చేతి రోగం."

"అంటే?"

"ఎవురో నట్టు ఊడదీసి, మళ్ళా బిగియ్యను చేతగాక పురికొసతో కట్టినారు." పురికొసను కోసి తెచ్చి చూపించాడు.

గోపన్న పకపకా నవ్వాడు. "ఏమిరా ఏసుమణీ, మంత్రాలయంలో ఎంతమందికి దర్శనం చేయిచ్చినావు? నీ పుణ్యంలో మాకూ పాలు పెట్టరాదా!"

అందరూ నవ్వారు. సెట్టి నవ్వలేదు. "ఏమిరా?" అన్నాడు.

"సవారీ కొట్టలేదు సామీ."

"నేనది అడగలే. ఆ గొట్టం ముట్టినావా, లేదా?"

ఏసుమణి నరసన్న వైపు చూశాడు. మాట ఏదో నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టు చూశాడు. నరసన్నకు అది దొంగచూపుగా కనిపించింది. తను కాపాడతాడని చూస్తున్నాడనుకున్నాడు. వాడికి బండి నేర్పింది తను. చర్చి వెనక వాడ పిల్లోనికి స్టీరింగు ఇస్తావా అని నలుగురూ అన్నా వినకుండా నేర్పాడు. ఆ కోపం కూడా కలిసింది.

"నా తట్టు చూస్తావేమిరా? నేను బిగిచ్చిన నట్టు నా చేత్తోనే ఊడాల. ఊరికే ఊడదు. కావాలంటే కర్పూరం ఆర్పి చెప్తా."

"నీకెందుకప్పా ప్రమాణాలు? నీ మాట చాలదా?" అన్నాడు సెట్టి. "చేస్తే వాడు చెయ్యాల. ఏమిరా, జేబులో మీ పుస్తకం పెట్టుకోని తిరుగుతావు గదా. దానిమీద చెయ్యి పెట్టు. ఆ గొట్టం నేను ముట్టలేదు అను. ఇప్పుడే కారెక్కి ఇంటికి పోదాం."

ఏసుమణి చెయ్యి చొక్కాజేబు దాకా పోయింది. జేబులో అరచేతిలో పట్టేంత సువార్త పుస్తకం ఉంది. చెయ్యి దానిమీద ఒక క్షణం ఆగి, కిందికి జారిపోయింది.

"ముట్టినా సామీ. ఆ మాట అనలేను."

"ఇంగేం మరి," అన్నారెవరో వెనకనుంచి.

సెట్టి చెయ్యి చాపాడు. ఏసుమణి తాళంచెవి తీశాడు. సెట్టి చేతిలో పెట్టలేదు. భుజం మీది తువ్వాలుతో కారు మూతమీద దుమ్ము తుడిచి, తుడిచిన చోట తాళంచెవి పెట్టాడు. బయటికి పోయి చెప్పులు వేసుకున్నాడు. ఎండలో పడి నడిచిపోయాడు.

నరసన్న మళ్ళీ కారు కింద దూరి నట్టు ఎక్కించాడు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. పానా వేసి ఇంకొంచెం నొక్కాడు. ఈసారి చక్రాలు తిప్పితే ముల్లు చకచకా లేచింది. చూస్తున్నవాళ్ళు భేష్ అన్నారు.

అన్నం దగ్గర ఆ సంగతి చెబితే భార్య మహాదేవమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఆ పిల్లోడా? మనింటికొస్తే నీళ్ళు గూడా అడగడు. వాడు సవారీ కొడతాడా?"

"యంత్రానికి అబద్ధం తెలీదు," అన్నాడు నరసన్న.

"యంత్రానికి తెలీదు. సరే," అంది ఆమె.

తరవాతి రోజుల్లో నరసన్న పేరు బజారులో బాగా తిరిగింది. సెట్టి పోయిన చోటల్లా చెప్పాడు. పత్తి వ్యాపారి ఒకాయన, వకీలు ఒకాయన తమ కార్లు పంపించారు, ఎక్కడైనా పురికొస ఉందేమో చూడమని. నరసన్న కిందికి దూరి చూశాడు. లేదని చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆ డ్రైవర్లు ఊపిరి బిగబట్టుకుని నిలబడటం కూడా చూశాడు. టీ అంగడి దగ్గర ఆయన కూర్చుంటే డ్రైవర్లు బెంచీ మీంచి ఒక్కొక్కరే లేచిపోయారు. అది భయమనీ, భయమంటే మర్యాదేననీ అనుకున్నాడు నరసన్న.

ఆ తృప్తి వారం కూడా నిలవలేదు.

సెట్టి బావమరిది కారు తీసుకొచ్చాడు. కొత్త డ్రైవరు దొరికేదాకా ఆయనే తోలుతున్నాడు. పట్టు అంచు పంచె, జవ్వాది వాసన.

"మీటరు మళ్ళా పండుకుందప్పా. కోడుమూరు దాకా ముల్లు చలిజ్వరం వచ్చినట్టు గజగజా వణికింది. ఆమీద ఢామ్మని పడిపోయింది."

"మీరు కిందేమైనా కదిలిచ్చినారా?"

"నేనా? కారు మూత ఎట్ల తీసేదో గూడా నాకు తెలీదు. నన్ను కింద దూరమంటావా, ఈ పంచెతో?"

నరసన్న కింద దూరాడు. ఈసారి షెడ్డులో ఎవరూ లేరు. నట్టు మళ్ళీ ఊడి గొట్టం మీద వేలాడుతోంది. పురికొస లేదు, పీలిక లేదు, మనిషి చెయ్యి తగిలిన గుర్తే లేదు. దానంతటది ఊడింది.

గుడ్డతో తుడిచి వేళ్ళతో ఎక్కించి చూశాడు. రెండు చుట్లు సాఫీగా పోయింది. మూడో చుట్టుకు మొండికేసింది. వేళ్ళతో కొద్దిగా వెనక్కి లాగితే టక్కుమని జారి చేతిలోకొచ్చింది. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ జారింది. బయటికి తెచ్చి వెలుతురులో పట్టుకున్నాడు.

అది ఆ కారు నట్టు కాదు.

క్లచ్చి బాగుచేసిన రోజు అసలు నట్టు మూతి చిట్లి ఉంటే పారేశాడు. యుద్ధం అయిపోయినాక వేలంలో కొన్న మిలిటరీ సామాన్ల డబ్బా ఒకటి షెడ్డులో ఉంది. అందులో వెతికి సరిపోయిందనుకున్నదాన్ని ఒకటి తీసి వేశాడు. అది అమెరికా జీపు నట్టు. ఈ కారు ఇంగ్లీషుది. రెండింటి లోపలా చెక్కిన మరలు చూపుకు ఒకటిగానే ఉంటాయిగాని కలవవు. రెండు చుట్లు కరుచుకుని ఆపైన మొరాయిస్తాయి. ఆ మొరాయింపునే ఆయన బిగువనుకున్నాడు. గతుకుల రోడ్డు మీద అది ఎంతసేపు నిలుస్తుంది?

నరసన్న లేచి, షెడ్డు మూలలో మడ్డిగుడ్డల కుప్ప దగ్గరికి పోయాడు. కాళ్ళతో కాదు, చేతులతో వెతికాడు. తను కోసి పడేసిన పురికొస దొరికింది. చుట్టలు ఇంకా అట్లాగే ఉన్నాయి, ముడి విడలేదు. దాన్ని గొట్టం మూతికి తొడిగి చూశాడు.

మీటరు నిద్రపుచ్చాలనుకున్నవాడు గొట్టాన్ని పక్కకు లాగుతాడు. ఈ కట్టు గొట్టాన్ని లోపలికి అదిమి పట్టింది. తీగ కొస గేరుబాక్సు విడిచి రాకూడదని గుడ్డపీలికను ఎక్కడ కుక్కాలో అక్కడ కుక్కారు. మీటరు పనిచెయ్యాలని కట్టిన కట్టు ఇది. ఈ సంగతి ఆ రోజు కూడా ఆయన కళ్ళ ముందే ఉంది. కట్టిన చెయ్యి ఎవరిదో తెలిసినాక, కట్టు ఎటు బిగించి ఉందో చూడాలనిపించలేదు.

"ఏమప్పా, అయిందా?" అన్నాడు బావమరిది బయటినుంచి.

"కొంచెంసేపు కూచోండి."

సరైన నట్టు కోసం పాత ఇంగ్లీషు కారొకదాని పొట్ట వెతికాడు. దొరికింది. అది చివరిదాకా మెత్తగా తిరిగి, చివర్లో ఒకే పట్టు పట్టింది. ఈ పట్టుకూ ఆ మొరాయింపుకూ తేడా వేళ్ళకు తెలుసు. వేళ్ళకు ఎప్పుడూ తెలుసు. జీపు నట్టును జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం సైకిలు మీద హంద్రి ఏరు దాటి, చర్చి వెనక ఉన్న వాడకు పోయాడు. ఏసుమణి తల్లి గిడ్డమ్మ గుమ్మంలో కూర్చుని చేట ముందేసుకుని వేరుసెనక్కాయలు ఒలుస్తోంది. ఆయన్ను చూసి లేవలేదు. ఇదివరకు లేచేది.

"వాడు లేడు," అంది. "బండలు దించను పోయినాడు."

"యాడ?"

"బండలు దించే కాడ." ఒక కాయ చిట్లించింది. "కారు తోలేటోల్ల ఇండ్లల్లో అంతా అడిగొచ్చినాడు. దొంగ డ్రైవరు మాకొద్దన్న్యారు. శానా బాగా నేర్పిచ్చినావులేప్పా పని."

బేతంచెర్ల బండల అడితి స్టేషను దగ్గరుంది. ఏసుమణి చేతులకు గుడ్డలు చుట్టుకుని, ఇంకొకడితో కలిసి లారీలోంచి నల్లబండలు దించుతున్నాడు. నరసన్నను చూసి చేతిలోని బండను గోడకు ఆనించి వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏం మేస్త్రీ, ఇంతదూరం వచ్చినారు?"

'అన్నా' అని పిలవలేదు. ఎప్పుడూ 'అన్నా' అనేవాడు, 'నువ్వు' అనేవాడు.

"నట్టు యాడ ఊడింది?" అన్నాడు నరసన్న.

ఏసుమణి చేతి గుడ్డలు వదులు చేసుకున్నాడు. "కోడుమూరు దాటినాక. ముల్లు వణికి పడిపాయ. సెట్టి వెనక సీట్లో నిద్రపోతాండె. దిగి చూస్తే గొట్టం యాలాడుతాంది. నట్టు ఎక్కిస్తే నిలబడలే. మూటకు కట్టిన పురికొస ఉంటే తీసి కట్టినా."

"నాకొచ్చి చెప్పకూడదా?"

"తెల్లారి షెడ్డుకొచ్చినా. మీరు సర్కారు జీపు కాడ అందరికీ చెప్తాంటిరి, నరసన్న బిగిచ్చిన నట్టు ఊరికే ఊడదని. ఆ మాట మధ్యలో నేనెట్ల చెప్పేది? రేపు చెప్దాంలే అనుకుంటి."

"సెట్టి అడిగినప్పుడన్నా చెప్పొచ్చు గదా. నా పేరు ఎందుకు చెప్పలే?"

అడిగాడుగాని జవాబు తనకు తెలుసనుకున్నాడు. పని నేర్పినవాడి పేరు పదిమందిలో చెడగొట్టకూడదని ఊరుకున్నాడనుకున్నాడు. దారి పొడుగునా సైకిలు తొక్కుతూ ఆ మాటే తలుచుకుంటూ వచ్చాడు.

"చెప్తే నమ్ముతాంటిరా?" అన్నాడు ఏసుమణి. "చేసింది గాక, పని నేర్పినోని మీద తోస్తాండాడు అందురు. మీరే కొట్టడానికొద్దురు. ఆమీద ఈ ఊర్లో ఏ షెడ్డు గడపా తొక్కనియ్యరు. నా కడుపు కోసరం నోరు మూసుకున్న్యా మేస్త్రీ. మీ కోసరం కాదు."

లారీ మీదివాడు కేకేశాడు. ఏసుమణి చేతి గుడ్డలు మళ్ళీ బిగించుకున్నాడు.

"సెట్టికి నేను చెప్తా," అన్నాడు నరసన్న. "రేపే చెప్తా."

"చెప్పండి. ఆ నట్టు ఉండాదా?"

నరసన్న జేబు తట్టి చూపించాడు.

"దాన్ని చూపియ్యండి. మాటతో ఆగొద్దు. చేతిలో పెట్టండి." అని బండ వైపు పోయాడు.

మరునాడు నరసన్న ఉతికిన చొక్కా వేసుకుని సెట్టి ఇంటికి పోయాడు. వసారాలో సెట్టి పక్కన లావుపాటి మనిషొకడు కూర్చుని వక్కలు కొరుకుతున్నాడు. కొత్త ఆఫీసులకు కట్టడాలు కట్టే కంట్రాక్టరు.

"రా రా నరసన్నా! ఇప్పుడే నీ మాటే అనుకుంటాంటిమి," అన్నాడు సెట్టి. "ఈయన్నేనప్పా నేను చెప్పింది. కారు కింద దూరితే దొంగను పట్టుకోని బయటికొస్తాడు." లోపలికి తిరిగి, "అమ్మా, మజ్జిగ తేండి" అన్నాడు. బెంచీ చూపించాడు. ఇదివరకు ఆ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోమనలేదు.

నరసన్న కూర్చున్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది.

"సెట్టిగారూ, ఒక సంగతి చెప్దామని వచ్చినా. ఆ పిల్లోడు ఏసుమణి… వాని తప్పు లేదు. నట్టు బిగియ్యడంలోనే పొరపాటు జరిగింది. నా చేతిదే."

సెట్టి తొడ చరుచుకుని నవ్వాడు. "చూసినావా కంట్రాక్టరూ! నేను చెప్పలే? పిల్లోని మీద జాలి పడి తప్పు తన నెత్తిన ఏసుకుంటాండాడు. వాని తల్లి వచ్చి ఏడ్చింటాది."

"అట్ల కాదు సెట్టిగారూ…"

"నాకు తెలీదా అప్పా నీ చెయ్యి? వాడు ముట్టినా అని వాని నోటితోనే చెప్పినాడు. నీ మనసు మెత్తన. అంతే."

"ఇట్లాంటోల్లు యాడుండారు ఈ కాలంలో," అన్నాడు కంట్రాక్టరు వక్క పక్కకు తోసి. "నా లారీలు ఆ తుంగభద్ర రోడ్డు మీద తిరిగి తిరిగి మరలన్నీ వదులయ్యుండాయి. నమ్మకంగా బిగిచ్చేవాడు కావాల. రేపు ఒకటి తోలిస్తా నీ కాడికి. ఏమప్పా?"

"అదీ మాట!" అన్నాడు సెట్టి. "నిజంగా నట్టు బిగియ్యను రానోడైతే లారీలెవురిస్తారు? నువ్వే చెప్పు నరసన్నా." అని మళ్ళీ నవ్వాడు.

ఎదురుగా ఆకూవక్కల పళ్ళెం ఉంది. జేబులోంచి చెయ్యి తీసి ఆ పళ్ళెంలో నట్టు పెడితే చాలు. ఇంకో మాట అక్కరలేదు. నట్టు అంచులు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. చెయ్యి సగం పైకొచ్చింది. మణికట్టు బయటపడింది.

సెట్టి తల్లి మజ్జిగ చెంబు తెచ్చి ముందుంచింది. "తాగు నాయనా. బాగా చల్లగుండాది."

నరసన్న ఎడమచేత్తో చెంబు అందుకున్నాడు. మజ్జిగలో అల్లం, కరివేపాకు తగిలాయి. చివరిదాకా తాగాడు. కుడిచెయ్యి జేబులోనే ఉండిపోయింది. వీధి మలుపు తిరిగి, సెట్టి ఇల్లు కనబడకుండా పోయినాకే బయటికొచ్చింది. అరచేతిలో నట్టు అంచులు ఆరు ఎర్రగా అచ్చుపడ్డాయి.

తెల్లారి షెడ్డు తలుపు తీసేసరికి ఏసుమణి బయట నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"ఏమన్న్యాడు మేస్త్రీ?"

నరసన్న పానాలను ఒకటొకటిగా మేకులకు తగిలిస్తున్నాడు. "చెప్పినా. నా తప్పేనని చెప్పినా. నమ్మలే."

"నట్టు చూపిచ్చినారా?"

'చూపిచ్చినా' అనడానికి ఒక్క మాట చాలు. అది నాలుక చివరకొచ్చింది. చొక్కాజేబు మీద ఆగి కిందికి జారిపోయిన చెయ్యి ఒకటి కళ్ళ ముందాడింది. ఒక్క మాట అని ఉంటే ఆ చెయ్యి ఈ పొద్దు స్టీరింగు మీద ఉండేది. నరసన్న 'చూపిచ్చినా' అనలేకపోయాడు. లేదనీ అనలేకపోయాడు. చేతిలో పానా పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"సరే," అన్నాడు ఏసుమణి మెల్లగా.

ఆ సరే విన్నాక నరసన్న ఉండలేకపోయాడు. జేబులోంచి నట్టు తీసి చాపాడు. "నువ్వు తీసుకపో. నరసన్న పంపిచ్చినాడని చెప్పు. కారు ఉండాది గదా, ఎక్కిచ్చి చూపియ్యి. రెండు చుట్లకు మొండికేస్తాది, కండ్లారా చూస్తాడు. పో."

ఏసుమణి నట్టు తీసుకున్నాడు. వేలికొసన పెట్టి ఒకసారి తిప్పాడు, లోపలి మరలు చూశాడు. బండల దుమ్ముకు వాడి గోళ్ళు చీలి ఉన్నాయి.

"దీన్ని నేను తీసుకపోతే," అన్నాడు, "ఎవురి జీపులోది కొట్టుకొచ్చినావురా అంటారు మేస్త్రీ."

బల్లమీద మడ్డి ఉంది. తువ్వాలుతో కొంచెం మేర తుడిచి, తుడిచిన చోట నట్టు పెట్టాడు. గడప దాటి చెప్పులు వేసుకున్నాడు.

బయట కంట్రాక్టరు లారీ వచ్చి ఆగింది. హారను మోగింది. "నరసన్నా!" అని పిలుస్తున్నారు ఎవరో, చాలా మర్యాదగా.